ఫంగస్ ఒకటే, మరి ఇద్దరికీ వైద్యం వేరెందుకు?

మీరు అడిగిందేమిటో ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్లకూ తెలుస్తుంది. మీ వార్డులో పక్కపక్క మంచాల మీద ఇద్దరు పేషెంట్లు. ఒకాయనకు 34 ఏళ్లు, హెచ్‌ఐవీ ఉంది, సీడీ4 కణాలు (హెచ్‌ఐవీ నాశనం చేసే రోగనిరోధక కణాలు) 28. ఇంకొకావిడకు 52 ఏళ్లు, హెచ్‌ఐవీ లేదు, షుగర్ లేదు, ఏ మందూ వాడలేదు. ఇద్దరి వెన్నునీటిలోనూ (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు) క్రిప్టోకాకస్ అనే ఫంగస్ దొరికింది. ఆయనకు ఫంగస్‌ను చంపే లిపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఒకే ఒక పెద్ద డోసు ఇచ్చి, మిగతాదంతా మాత్రలతో నడిపారు. ఆవిడకు మాత్రం నాలుగు వారాలకు తగ్గకుండా డ్రిప్ ఎక్కించాలన్నారు. మూడో వారంలో ఆవిడకు చూపు మందగిస్తే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఆయన విషయంలో స్టెరాయిడ్ ఊసే ఎత్తొద్దన్నారు. "ఫంగస్ ఒకటే కదా సార్, వైద్యం ఎందుకు మారింది?" అన్నది మీ ప్రశ్న.

ఇరవై ఏళ్లకు పైగా ఈ జబ్బును చూస్తున్నాను. పీజీలో ఉండగా నాకూ ఇదే అనుమానం వచ్చింది. సరైన జవాబు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. ఫంగల్ మెనింజైటిస్‌లో, అంటే మెదడు పొరలకు ఫంగస్ సోకే జబ్బులో, మనిషికి హాని చేసేవి రెండు. ఒకటి ఫంగస్. రెండోది దాని మీద మన శరీరం చేసే పోరు. రోగనిరోధక శక్తి అడుగంటినవాడికి మొదటిదే ప్రమాదం, ఎందుకంటే అక్కడ పోరాడేవాళ్లే లేరు. రోగనిరోధక శక్తి సరిగా ఉన్నవాడికి ఫంగస్ చచ్చాక కూడా పోరు ఆగదు, ఆ పోరులో నరాలు దెబ్బతింటాయి. మీ ఇద్దరు పేషెంట్లకూ డోసులు, రోజులు, స్టెరాయిడ్ అన్నీ వేరుగా ఉండటానికి మూలం ఇదే.

ముందు ఆయన సంగతి. క్రిప్టోకాకస్ పావురాల రెట్టలో, మట్టిలో, కొన్ని చెట్ల పుచ్చుల్లో ఉంటుంది. గాలితో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. చాలామందిలో అక్కడే అణిగి ఉండిపోతుంది. సీడీ4 కణాలు 100 కంటే దిగువకు పడిపోయినప్పుడు అది రక్తంలోకి, అక్కడి నుంచి మెదడు పొరల్లోకి చేరుతుంది. ఎదిరించే కణాలు లేవు కాబట్టి కోట్లలో పెరుగుతుంది. పైన జిగురు లాంటి చక్కెర పదార్థంతో మందపాటి తొడుగు ఉంటుంది కదా, ఆ జిగురూ ఆ కణాలూ కలిసి వెన్నునీరు రక్తంలోకి ఇంకిపోయే దారులకు అడ్డుపడతాయి. నీరు తయారవుతూనే ఉంటుంది, పోయే దారి ఉండదు. తలలో ఒత్తిడి పెరుగుతుంది.

వాపు లేదు కాబట్టి మెడ బిగుసుకోదు. జ్వరం అంతంత మాత్రమే. రెండు మూడు వారాలుగా తలనొప్పి, వాంతులు, ఒక వస్తువు రెండుగా కనిపించడం, మాటల్లో కాస్త తేడా. మెడ పట్టేయలేదని మెనింజైటిస్ కాదనుకునే జూనియర్లను ఇప్పటికీ చూస్తుంటాను. ఈ జబ్బులో మెడ బిగింపు లేనివాళ్లే ఎక్కువ. వెన్నునీటి రిపోర్టు ఇంకా మోసం చేస్తుంది. కణాలు రెండో మూడో, గ్లూకోజ్ మామూలు, ప్రోటీన్ కొంచెం ఎక్కువ. "నార్మల్ సీఎస్‌ఎఫ్" (వెన్నునీరు మామూలే) అని రాసి ఇంటికి పంపేస్తారు. నిజానికి హెచ్‌ఐవీ పేషెంటు నీటిలో తెల్లకణాలు 20 కంటే తక్కువ ఉండటం చెడ్డ సూచన. పోరాడేవాళ్లు లేరని, ఫంగస్ విచ్చలవిడిగా ఉందని దానర్థం. సీడీ4 తక్కువ ఉండి తలనొప్పితో వచ్చిన ప్రతివాడి వెన్నునీటికీ, కణాలు ఎన్ని ఉన్నా సరే, క్రిప్టోకాకల్ యాంటిజెన్ పరీక్ష (ఫంగస్ తొడుగు పదార్థాన్ని పట్టే పరీక్ష) పంపాల్సిందే.

ఎల్‌పీ, అంటే నడుము దగ్గర సూదితో వెన్నునీరు తీయడం, దాని గురించి కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు సరిదిద్దుకోవడం కష్టం. ఒత్తిడి కొలవకుండా నీరు తీయొద్దు. పేషెంటును పక్కకు తిప్పి పడుకోబెట్టి, సూది లోపలికి వెళ్లాక ముడిచిన కాళ్లను సడలించి, ఊపిరి మామూలుగా తీసుకోమని చెప్పి, అప్పుడు చూడండి. కూర్చోబెట్టి కొలిచిన అంకెకు విలువ లేదు. మానోమీటర్ లేదా? స్టెరైల్ డ్రిప్ గొట్టాన్ని సూదికి తగిలించి, నిలువుగా పట్టుకుని, నీరు ఎంత ఎత్తుకు ఎక్కిందో టేపుతో కొలవండి. చాలాసార్లు అలాగే చేశాను. ఒక రాత్రి ఒక కుర్రాడికి నీరు గొట్టంలో 30 దాటింది, 40 దాటింది, చివరికి గొట్టం పైఅంచు నుంచి ఒలికింది. నీరు చూస్తే మంచినీళ్లలా తేటగా ఉంది. మూడు రోజులుగా కళ్లు తెరవడానికే భయపడుతున్న ఆ అబ్బాయి, ఇరవై మిల్లీలీటర్లు తీసేసరికి గోడవైపు తిరిగి ఉన్నవాడు అలాగే మెల్లగా "సార్, నొప్పి దిగుతోంది" అన్నాడు. ఇంకా ఒక్క మందు చుక్క కూడా ఎక్కించలేదు. ఆ రోజు నుంచి ఎల్‌పీని ఈ జబ్బులో పరీక్షగా మాత్రమే చూడటం మానేశాను. అది వైద్యం కూడా.

లెక్క ఇదీ. ఒత్తిడి 25 సెంటీమీటర్లు దాటితే 20కి దించాలి, మరీ ఎక్కువగా ఉంటే కనీసం సగానికి తేవాలి. లక్షణాలు ఉన్నంతకాలం, ఒత్తిడి ఎక్కువగా ఉన్నంతకాలం రోజూ తీయాలి. తలనొప్పి లేకపోయినా మొదటి వారంలో మరోసారి చూడటం మంచిది. మొదటి ఎల్‌పీ తర్వాత తొలి పది రోజుల్లో కనీసం ఒక్కసారైనా మళ్లీ నీరు తీసినవాళ్లలో చావులు బాగా తక్కువగా ఉన్నాయని ఆఫ్రికాలో పరిశీలన జరిగింది. మొదటి అంకె తక్కువగా ఉన్నవాళ్లకు కూడా ఆ మేలు కనబడింది. రోజూ తీసినా దిగకపోతే నీరు పోవడానికి గొట్టం, అంటే లంబార్ డ్రెయినో, షంటో పెట్టమని న్యూరోసర్జన్‌ను పిలవాలి. ఫంగస్ ఇంకా ఉండగా షంట్ ఎలా అని వెనకాడొద్దు, ఫంగస్ మందు నడుస్తూ ఉంటే షంట్ పెట్టొచ్చు. మానిటాల్ ఇక్కడ పనిచేయదు, అది మెదడు వాపుకు, నీటి దారి మూసుకుపోవడానికి కాదు. అసెటజోలమైడ్ ప్రయత్నించి చూశారు, మేలు కాకపోగా కీడు జరిగింది.

సీటీ స్కాన్ లేకుండా ఎల్‌పీ చేయొచ్చా అని అందరూ అడుగుతారు. ఒక వైపు చేయి కాలు పడిపోవడం, ఫిట్స్, స్పృహ బాగా తగ్గడం ఉంటే స్కాన్ ముందు. అవి లేనప్పుడు స్కాన్ కోసం ఒక రోజు ఎదురుచూడటం పేషెంటుకు నష్టమే. ఈ జబ్బులో ఒత్తిడి ఎక్కడో ఒకచోట గడ్డ అడ్డుపడి వచ్చింది కాదు, అంతటా ఒకేలా పెరిగింది, అందుకే నీరు తీస్తే మేలే జరుగుతుంది. స్కాన్‌లో గడ్డో, నీటి గదులు మూసుకుపోయిన హైడ్రోసెఫలసో కనబడితే మాత్రం వ్యవహారం వేరు.

ఇప్పుడు ఆవిడ సంగతి. ఇక్కడ పెద్ద ప్రమాదం ఆలస్యం. హెచ్‌ఐవీ పేషెంటుకు తలనొప్పి వస్తే మనకు క్రిప్టోకాకస్ వెంటనే గుర్తొస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి విషయంలో గుర్తు రాదు. నీటిలో లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) 150, గ్లూకోజ్ తక్కువ, ప్రోటీన్ ఎక్కువ అని వస్తే చేయి తనంతట తానే "టీబీ మెనింజైటిస్" అని రాసేస్తుంది. టీబీ మందులతోపాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వెళ్తుంది. స్టెరాయిడ్‌తో వారం పది రోజులు తలనొప్పి తగ్గుతుంది. అందరం సంతోషిస్తాం. లోపల ఫంగస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

నా చేతుల మీదుగా ఇలా జరిగిన ఒకావిడ ఇప్పటికీ గుర్తుంది. బడిలో పాఠాలు చెప్పే మనిషి. ఐదు వారాలు టీబీ మందులు వాడాక చూపు పోతూ తిరిగి వచ్చింది. పాత స్లైడు తెప్పించి నేనే మైక్రోస్కోపు కింద పెట్టుకున్నాను. ల్యాబులో "లింఫోసైట్లు" అని లెక్కపెట్టిన గుండ్రటి కణాల్లో సగం ఈస్టులే, అంటే ఫంగస్ కణాలే. పరిమాణంలో దగ్గరగా ఉంటాయి కాబట్టి రంగు వేయకపోతే తేడా తెలియదు. ఒకదానికి పక్కన చిన్న మొగ్గ కూడా కనబడుతోంది. యాంటిజెన్ పరీక్ష ఆ మొదటి రోజే అడిగి ఉంటే ఆవిడ చూపు నిలిచేది. నేను అడగలేదు. అప్పటి నుంచి టీబీ మెనింజైటిస్ అనుకున్న ప్రతి పేషెంటు నీటికీ యాంటిజెన్ పంపిస్తున్నాను, హెచ్‌ఐవీ ఉన్నా లేకపోయినా.

పరీక్షల విషయం కొంచెం వివరంగా చెబుతాను. ఇండియా ఇంక్, అంటే నీటిలో నల్ల సిరా కలిపి మైక్రోస్కోపులో చూడటం, వెంటనే తెలిసేది, చవక, కానీ చూసే కంటిని బట్టి ఉంటుంది. హెచ్‌ఐవీ పేషెంట్లలో ఐదుగురిలో నలుగురికి దొరుకుతుంది. హెచ్‌ఐవీ లేనివాళ్లలో సగం మందికే, ఎందుకంటే వాళ్లలో ఈస్టుల సంఖ్య తక్కువ. నీటిని సెంట్రిఫ్యూజ్ చేసి అడుగున దిగినదాన్ని చూడాలి. నల్లటి రంగులో తెల్లటి వలయం కనబడగానే క్రిప్టోకాకస్ అనేయొద్దు. లింఫోసైట్ చుట్టూ కూడా మసక వలయం వస్తుంది, గాలి బుడగలు కూడా అలాగే ఉంటాయి. అసలు ఈస్టుకు లోపల మెరిసే స్పష్టమైన గోడ, బయట అంచు తెగినట్టుండే వలయం, ఎక్కడో ఒకచోట మొగ్గ కనబడాలి.

యాంటిజెన్ స్ట్రిప్ పరీక్ష ఈ జబ్బు నిర్ధారణను మార్చేసింది. పది నిమిషాల్లో తేలుతుంది, హెచ్‌ఐవీ పేషెంటు వెన్నునీటిలో ఫంగస్ ఉంటే దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది. ఒక లొసుగు మాత్రం గుర్తుంచుకోండి. ఫంగస్ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు యాంటిజెన్ స్ట్రిప్‌ను ముంచెత్తి గీత రాకుండా పోవచ్చు. ఇండియా ఇంక్‌లో ఈస్టులు కనబడుతుండగా స్ట్రిప్ నెగటివ్ వస్తే నమూనాను పలుచన చేసి మళ్లీ పెట్టమనండి. ఇంకో సంగతి, జబ్బు తగ్గాక కూడా యాంటిజెన్ నెలల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది. తగ్గిందా లేదా అని చూడటానికి దాన్ని వాడొద్దు. అది చెప్పగలిగేది నమూనాలో ఫంగస్‌ను పెంచి చూసే కల్చర్ ఒక్కటే. ఫంగస్ బతికి ఉందో లేదో కల్చర్‌తోనే తెలుస్తుంది, అందుకే మొదటి రోజే పంపాలి, రెండో వారం చివర మళ్లీ పంపాలి. హెచ్‌ఐవీ లేనివాళ్లకు నీరు పది మిల్లీలీటర్లకు తగ్గకుండా పంపండి. రెండు మిల్లీలీటర్లు పంపి నెగటివ్ అంటే అది నెగటివ్ కాదు.

ఎమ్మారైలో మెదడు లోతుల్లోని రక్తనాళాల చుట్టూ ఉండే సందులు ఉబ్బి, సబ్బు నురగ బుడగల్లా కనబడితే క్రిప్టోకాకస్‌ను అనుమానించాలి. ఆరోగ్యవంతుల్లో గడ్డలుగానూ రావచ్చు. అలాంటి చోట క్రిప్టోకాకస్ గట్టీ అనే దగ్గరి బంధువును తలుచుకోవాలి. 1999 తర్వాత కెనడాలోని వాంకూవర్ ద్వీపంలో మామూలు ఆరోగ్యవంతులకు సోకి పేరు మోసింది అదే.

వైద్యంలో ముందు ఆయనకు ఇచ్చిన ఒక్క డోసు గురించి. బోట్స్‌వానా, మలావీ, దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 800 మందికి పైగా హెచ్‌ఐవీ పేషెంట్ల మీద జరిగిన ఆంబిషన్ ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. లిపోసోమల్ ఆంఫోటెరిసిన్ కిలోకు 10 మిల్లీగ్రాములు ఒకేసారి ఇచ్చి, దానితోపాటు 14 రోజులు ఫంగస్‌కు వాడే రెండు మాత్రలు, ఫ్లూసైటోసిన్ కిలోకు రోజుకు 100 మిల్లీగ్రాములు నాలుగు వాటాలుగా, ఫ్లూకోనజోల్ రోజుకు 1200 మిల్లీగ్రాములు ఇచ్చారు. పది వారాల్లో 24.8 శాతం చనిపోయారు. పాత పద్ధతిలో వారం రోజులు మామూలు ఆంఫోటెరిసిన్ ఇచ్చినవాళ్లలో 28.7 శాతం. ఫలితంలో ఏమాత్రం తీసిపోలేదు, పైగా రక్తహీనత, కిడ్నీ దెబ్బ తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాదే దాన్ని మొదటి ఎంపికగా ప్రకటించింది. మొదట నాకు నమ్మకం కుదరలేదు, ఒక్క డోసుతో ఎలా అనిపించింది. మెదడు కణజాలంలో ఆ మందు వారాల తరబడి నిలిచి ఉంటుందని తెలిశాక అర్థమైంది.

ఆ ట్రయల్ మొత్తం హెచ్‌ఐవీ పేషెంట్ల మీదే జరిగింది. మీ రెండో పేషెంటుకు ఆ ఒక్క డోసు వర్తిస్తుందని ఎవరూ చూపలేదు. మీ ప్రశ్నలో మొదటి భాగానికి జవాబు ఇదే. హెచ్‌ఐవీ పేషెంటుకు ఇంకొక వెసులుబాటు కూడా ఉంది. కొన్ని వారాలకు ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణిచే మందులు) మొదలుపెడితే అతని రోగనిరోధక శక్తి తిరిగి లేస్తుంది, మిగిలిన పని అది చూసుకుంటుంది. ఆవిడకు అలా లేపడానికి మన చేతిలో మందు లేదు.

ఫ్లూసైటోసిన్ ఊరికే తోడు మందు కాదు. అది ఫంగస్ లోపలికి వెళ్లి 5-ఫ్లోరోయురాసిల్‌గా మారి దాని పెరుగుదలను ఆపేస్తుంది. 2013లో వియత్నాం నుంచి వచ్చిన ట్రయల్‌లో ఆంఫోటెరిసిన్ ఒక్కటే ఇచ్చినవాళ్ల కంటే రెండూ కలిపి ఇచ్చినవాళ్లు ఎక్కువమంది బతికారు. దొరకలేదని వదిలేసే ముందు గట్టిగా ప్రయత్నించండి. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ ఇవ్వొద్దు, ఫంగస్ త్వరగా లొంగకుండా తయారవుతుంది. ఇది కిడ్నీ ద్వారా పోయే మందు. ఆంఫోటెరిసిన్ కిడ్నీని దెబ్బతీస్తే ఇది పేరుకుని ఎముక మజ్జను అణిచేస్తుంది. కాబట్టి క్రియాటినిన్ పెరిగితే డోసు తగ్గించాలి, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు వారానికి కనీసం రెండుసార్లు చూడాలి.

ఆంఫోటెరిసిన్ రెండు రకాలని నర్సింగ్ స్టేషన్‌లో గోడ మీద రాసి పెట్టండి. మామూలుది, అంటే డీఆక్సీకోలేట్, కిలోకు రోజుకు 1 మిల్లీగ్రాము. లిపోసోమల్ 3 నుంచి 5, ఆ ఒక్క డోసు పద్ధతిలో 10. ఒకదాని డోసు ఇంకోదానికి వేస్తే మనిషి పోతాడు, అలా జరిగిన ఉదంతాలు ఉన్నాయి. రెండూ 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. సెలైన్ తగిలితే మందు విరిగి అవక్షేపం అవుతుంది, లైను కూడా ముందు డెక్స్‌ట్రోజ్‌తోనే కడగాలి. కిడ్నీని కాపాడటానికి ఇచ్చే లీటరు సెలైన్, అందులో పొటాషియం, మందు ఎక్కించడానికి ముందు విడిగా వెళ్లాలి. మామూలు రకం వాడితే పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి. మెగ్నీషియం పోయకుండా పొటాషియం ఎంత పోసినా నిలవదు. రెండో వారానికి హిమోగ్లోబిన్ కూడా దిగుతుంది. మందు తప్పు కాదు, మనం చూసుకోకపోవడం తప్పు.

మొదటి రెండు వారాల తర్వాత ఆయనకు ఫ్లూకోనజోల్ రోజుకు 800 మిల్లీగ్రాములు ఎనిమిది వారాలు, ఆ తర్వాత 200 చొప్పున కనీసం ఏడాది. వైరస్ అణిగి సీడీ4 100 దాటితేనో, వైరల్ లోడ్ చూసే వీలు లేనిచోట 200 దాటితేనో ఆపొచ్చు.

ఏఆర్‌టీ ఎప్పుడు? ఇక్కడ తొందరపాటు ప్రాణం తీస్తుంది. ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో జరిగిన కోట్ ట్రయల్‌లో మొదటి రెండు వారాల్లోనే ఏఆర్‌టీ మొదలుపెట్టినవాళ్లలో ఆరు నెలలకు 45 శాతం చనిపోయారు, ఐదో వారం దాకా ఆగినవాళ్లలో 30 శాతం. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి. స్టెరాయిడ్ ఎందుకు వద్దన్నారో చెప్పేది క్రిప్టోడెక్స్ ట్రయల్. ఆసియా, ఆఫ్రికా దేశాల్లో హెచ్‌ఐవీ పేషెంట్లకు ఆరు వారాలు డెక్సామెథసోన్ ఇచ్చి చూశారు. ఇచ్చినవాళ్లలో వైకల్యం, ఇన్ఫెక్షన్లు పెరిగి, ఫంగస్ నెమ్మదిగా చావడంతో ట్రయల్‌నే మధ్యలో ఆపేశారు, 2016లో ప్రచురించారు. కారణం మీకే అర్థమవుతుంది. అసలే పోరు లేనిచోట, ఉన్న కాస్త పోరునూ అణిచేస్తే మిగిలేది ఫంగసే.

ఇక ఆవిడ. హెచ్‌ఐవీ గానీ అవయవ మార్పిడి గానీ లేనివాళ్లకు వచ్చే ఈ జబ్బుకు ఆంఫోటెరిసిన్, ఫ్లూసైటోసిన్ కలిపి నాలుగు వారాలకు తగ్గకుండా, నరాల దెబ్బ గానీ గడ్డలు గానీ ఉంటే ఆరు వారాలు అన్నది చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతి. ఆ తర్వాత ఫ్లూకోనజోల్ 400 నుంచి 800 ఎనిమిది వారాలు, ఆపైన 200 చొప్పున ఆరు నుంచి పన్నెండు నెలలు. లిపోసోమల్ దొరికితే కిలోకు 3 నుంచి 4 మిల్లీగ్రాములు చొప్పున అదే ఇవ్వండి, నెల రోజులు మామూలుది తట్టుకునే కిడ్నీలు తక్కువ.

మూడో వారంలో ఆవిడకు చూపు మందగించిందన్నారు. అప్పుడు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న: కల్చర్ ఇంకా పాజిటివ్‌గా ఉందా? పాజిటివ్ అయితే మందు చాలలేదు, స్టెరాయిడ్ మాట ఎత్తొద్దు. నెగటివ్ అయ్యి, ఒత్తిడి కూడా అదుపులో ఉండి, అయినా మతి, చూపు, వినికిడి దిగజారుతుంటే, చచ్చిన ఫంగస్ తాలూకు చక్కెర తొడుగుల మీద ఆమె శరీరం ఇంకా యుద్ధం చేస్తోందని అర్థం. దీన్ని పీఐఐఆర్‌ఎస్ (ఇన్ఫెక్షన్ తర్వాత రోగనిరోధక శక్తి తెచ్చే వాపు) అంటున్నారు. మిథైల్‌ప్రెడ్నిసోలోన్ పెద్ద డోసు వారం రోజులు, ఆపై ప్రెడ్నిసోలోన్ మాత్రలు నెలల మీద మెల్లగా తగ్గించడం. సరైన మనిషికి సరైన సమయంలో ఇస్తే తెలివి కొద్ది రోజుల్లోనే తేటపడుతుంది. చూపు మాత్రం పోయాక తిరిగి రావడం కష్టం, అందుకే ఈ నిర్ణయం వాయిదా వేయకూడదు. ఫంగస్ మందు కింద నడుస్తూ ఉండాలి, అది ఆపి స్టెరాయిడ్ ఇవ్వకూడదు.

ఆవిడకు "ఏ జబ్బూ లేదు" అన్నమాటను కూడా నేను అంత సులువుగా ఒప్పుకోను. హెచ్‌ఐవీ లేకుండానే సీడీ4 తక్కువగా ఉండే జబ్బు ఒకటుంది, సీడీ4 లెక్క పంపండి. మాక్రోఫేజ్ కణాలను మేల్కొలిపే జీఎం-సీఎస్‌ఎఫ్ అనే పదార్థానికి వ్యతిరేకంగా సొంత శరీరమే యాంటీబాడీలు తయారుచేసుకున్నవాళ్లున్నారు, బయటికి పూర్తి ఆరోగ్యంగా కనిపిస్తారు. వీలైతే ఆ పరీక్షా పంపండి. సార్కాయిడోసిస్, లివర్ సిరోసిస్, లింఫోమా చూడండి. కీళ్ల నొప్పులకో ఆయాసానికో చీటీ లేకుండా తెచ్చుకున్న మాత్రల్లో స్టెరాయిడ్ ఉందేమో గుచ్చి గుచ్చి అడగండి. రెండుసార్లు లేదన్నవాళ్లు మూడోసారి సంచిలోంచి తీసి చూపించిన సందర్భాలు నాకున్నాయి.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఈ ఇద్దరికీ మధ్యలో ఉంటారు. లిపోసోమల్, ఫ్లూసైటోసిన్ కనీసం రెండు వారాలు, ఆపై ఫ్లూకోనజోల్ ఆరు నెలల నుంచి ఏడాది. ఫ్లూకోనజోల్ మొదలుపెట్టగానే టాక్రోలిమస్ (కిడ్నీ తిరస్కరణ రాకుండా ఇచ్చే మందు) రక్తంలో పెరుగుతుంది, ముందే తగ్గించి స్థాయి చూసుకుంటూ ఉండాలి. రోగనిరోధక శక్తిని అణిచే మందులన్నీ ఒక్కసారిగా ఆపేస్తే రెండు నష్టాలు, కిడ్నీ తిరస్కరణ ఒకటి, అణిగి ఉన్న వాపు ఒక్కసారిగా ఎగదన్నడం ఇంకొకటి. మెట్టు మెట్టుగా దించాలి, ముందుగా స్టెరాయిడ్‌ను.

క్రిప్టోకాకస్ కానివాటిని కొద్దిగా చెబుతాను. ఆరోగ్యవంతుడికి, వెన్నులో ఇంజెక్షనో మత్తో తీసుకున్న కొన్ని వారాలకు తలనొప్పి, నీటిలో న్యూట్రోఫిల్స్ (ఇంకో రకం తెల్లకణాలు), బాక్టీరియా కల్చర్ నెగటివ్ అంటే నాకు వెంటనే బూజు ఫంగస్ గుర్తొస్తుంది. 2012లో అమెరికాలో కలుషితమైన మిథైల్‌ప్రెడ్నిసోలోన్ ఇంజెక్షన్ల వల్ల 20 రాష్ట్రాల్లో 753 మందికి జబ్బు చేసింది, 64 మంది చనిపోయారు. అందులో ఎక్కువగా దొరికింది ఎక్సెరోహైలమ్ రోస్ట్రాటమ్ అనే, అంతకుముందు మెనింజైటిస్‌లో దాదాపు ఎవరూ చూడని ఫంగస్. 2022లో మెక్సికోలోని డురాంగోలో, 2023లో మటమోరోస్‌లో వెన్నుమత్తు తర్వాత వచ్చింది ఫ్యుసేరియమ్. ఇవి మెదడు అడుగున రక్తనాళాలను తినేసి పక్షవాతం, రక్తస్రావం తెస్తాయి. ఇక్కడ వోరికోనజోల్, లిపోసోమల్ ఆంఫోటెరిసిన్ కలిపి మొదలుపెట్టాలి, నెలల తరబడి ఇవ్వాలి, వోరికోనజోల్ రక్తస్థాయి చూస్తూ ఉండాలి. కల్చర్ చాలాసార్లు రాదు, వెన్నునీటిలో బీటా-డీ-గ్లూకాన్ (ఫంగస్ గోడలోని పదార్థం) పరీక్ష, పీసీఆర్ ఉపయోగపడతాయి. క్రిప్టోకాకస్‌కు మాత్రం గ్లూకాన్ పరీక్షను నమ్ముకోవద్దు.

నెలలు నిండని శిశువుల్లో, షంట్ ఉన్నవాళ్లలో క్యాండిడా వస్తుంది. షంట్ తీయకుండా అది పోదు. కాస్పోఫంజిన్ కుటుంబం మందులు వెన్నునీటిలోకి సరిగా వెళ్లవు, రక్తంలో క్యాండిడాకు బాగా పనిచేశాయి కదా అని ఇక్కడ వాడొద్దు. క్రిప్టోకాకస్ మీద అయితే అవి అసలే పనిచేయవు. అమెరికా నైరుతి ఎడారుల్లో, మెక్సికోలో నివసించి వచ్చినవాళ్లకు, నీటిలో ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు కనబడితే కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్‌ను చూడాలి. దానికి ఫ్లూకోనజోల్ జీవితాంతం. ఆపి చూసిన 18 మందిలో 14 మందికి తిరగబెట్టింది. హిస్టోప్లాస్మా అనే ఇంకో ఫంగస్‌కు లిపోసోమల్ కిలోకు 5 మిల్లీగ్రాములు చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు, ఆపై ఇట్రాకోనజోల్ కనీసం ఏడాది.

చివరగా, మీ హెచ్‌ఐవీ పేషెంటు ఏఆర్‌టీ మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు మళ్లీ తలనొప్పితో వస్తాడేమో చూసుకోండి. రాగానే ఒత్తిడి కొలవండి, కల్చర్ పంపండి, ఫ్లూకోనజోల్ మాత్రలు నిజంగా వేసుకుంటున్నాడో ఇంట్లోవాళ్లనూ అడగండి. కల్చర్‌లో ఫంగస్ పెరిగితే జబ్బు తిరగబెట్టినట్టు, మళ్లీ ఆంఫోటెరిసిన్‌తో మొదటి నుంచి. పెరగకపోతే అతని రోగనిరోధక శక్తి లేచి కూర్చుంది, అప్పుడు స్టెరాయిడ్ గురించి ఆలోచించవచ్చు. కల్చర్ తేలడానికి వారం పది రోజులు పడుతుంది. ఆ పది రోజులూ ఫ్లూకోనజోల్ పెంచి, నీరు తీస్తూ నెట్టుకురావాలి. ఆవిడ కల్చర్ ఏమొచ్చిందో, ఒత్తిడి అంకెలెన్నో మీరు రాయలేదు. అవి పంపితే స్టెరాయిడ్ ఎంతకాలం అన్నది మాట్లాడుకుందాం.